ప్రాడక్ట్ టీమ్‌లో రిక్వైర్‌మెంట్స్ ఏ పద్ధతిలో రాసుకోవాలో ఎలా తేల్చుకోవాలి

కొత్త ప్రాడక్ట్ మొదలవ్వగానే టీమ్‌లో మొట్టమొదట వచ్చే ప్రశ్న రిక్వైర్‌మెంట్స్, అంటే ప్రాడక్ట్ ఏం చెయ్యాలన్నది, ఎక్కడ రాద్దాం, కన్‌ఫ్లుయెన్స్, నోషన్ లాంటి పేజీలు రాసే టూల్స్‌లోనా, డైరెక్ట్‌గా పనులు నమోదు చేసే జిరా టికెట్లలోనేనా అని. దాని మీద గంట చర్చ అవుతుంది, ఎవరో ఒకళ్ళు ఇంతకుముందు పనిచేసిన చోట వాడిన టెంప్లేట్ తెచ్చి పెడతారు, అందరూ సరే అంటారు, రెండు నెలలు తిరిగేసరికి ఆ టెంప్లేట్‌లో సగం హెడ్డింగుల కింద "వర్తించదు" అని ఉంటుంది, మిగతా సగం ఎవరూ తెరిచి చూడరు. చాలా టీముల్లో ఇది చూశాక నాకు అర్థమైంది ఏంటంటే టూల్ అనేది చివర్లో తేల్చుకునే విషయం. ముందు తేలాల్సింది రాసింది ఎవరు చదువుతారు, చదివి ఏం పని చేస్తారు, తప్పుగా అర్థం చేసుకుంటే నష్టం ఎంత. ఆ వరుసలోనే వెళ్దాం.

మొత్తం గైడ్‌కి ఒకే ఉదాహరణ పట్టుకుంటాను, ఎందుకంటే ఇది నాకు జరిగింది. నేను పనిచేసిన ఒక టీమ్‌లో ఒక టికెట్‌లో ఉన్నది ఇంతే: "యూజర్ తన ఆర్డర్‌ని క్యాన్సిల్ చేసుకోగలగాలి". డెవలపర్ ఏమో ప్యాకింగ్ అవ్వకముందు వరకే అనుకుని కట్టాడు, సపోర్ట్ వాళ్ళు డెలివరీ అయ్యేదాకా క్యాన్సిల్ చేసుకోవచ్చని కస్టమర్లకి చెప్పేశారు, ఫైనాన్స్ వాళ్ళు డబ్బు యాప్ వాలెట్‌లోకి వెళ్తుందనుకున్నారు, నేనేమో ఏ కార్డుతో కట్టారో ఆ కార్డుకే తిరిగి వెళ్తుందనుకున్నాను. ఎవరూ నిర్లక్ష్యంగా లేరు, ఆ లైన్‌లో లేనిదాన్ని ప్రతివాళ్ళూ తమకు తోచినట్టు నింపుకున్నారు. రిలీజ్ అయిన వారంలోనే బయటపడింది, మూడు వారాలు పట్టింది సరిచెయ్యడానికి.

1. మీ టీమ్‌లో పని ఎక్కడ వెనక్కి వస్తోందో ముందు చూడండి

ఇప్పటికే ఏదో కడుతూ ఉన్న టీమ్ అయితే గత రెండు మూడు నెలల్లో వెనక్కి వచ్చిన పనులన్నీ ఒకచోట పెట్టండి. మళ్ళీ ఓపెన్ అయిన టికెట్లు, "ఇది బగ్ కాదు, ఇలాగే చెయ్యమన్నారు" అని వాదన జరిగినవి, డెమోలో "మేం అడిగింది ఇది కాదు" అనిపించుకున్నవి. డెవలపర్, టెస్టర్, ప్రాడక్ట్ మేనేజర్ ముగ్గురు కూర్చుంటే గంటలో అయిపోతుంది. ఒక్కోదాని పక్కన అసలు కారణం రాయండి. నేను చూసినంతలో ఇవి నాలుగు కుప్పలుగా విడిపోతాయి: అసలు ఎవరూ రాయనివి, రాసినా ఇద్దరు రెండు రకాలుగా చదివినవి, రాసింది పాతబడిపోయినవి, అన్నీ సరిగ్గానే రాసి ఉన్నా ఎవరూ చదవనివి.

ఏ కుప్ప పెద్దదో దాన్ని బట్టే మందు. రాయనివి ఎక్కువుంటే మీకు కావాల్సింది పని మొదలయ్యే ముందు "ఇది అడిగామా, అది అడిగామా" అని చూసుకునే చెక్‌లిస్ట్. రెండు రకాలుగా చదివినవి ఎక్కువుంటే ఉదాహరణలతో రాసే పద్ధతికి మారాలి. పాతబడినవి ఎక్కువుంటే రాసేది తగ్గించాలి, ఒకే విషయం నాలుగు చోట్ల ఉండకుండా చూడాలి, ఇలాంటి టీమ్‌కి ఇంకో కొత్త టెంప్లేట్ ఇస్తే పాతబడే కాగితాలు ఇంకో రకం పెరుగుతాయి అంతకుమించి ఏం జరగదు. చదవనివి ఎక్కువుంటే పేజీ చిన్నది చేసి, వాళ్ళు రోజూ పనిచేసే చోటికే దాన్ని తీసుకెళ్ళాలి. టీమ్ మరీ కొత్తదైతే ప్రతివాళ్ళనీ పాత ప్రాజెక్ట్‌లో ఇలా దెబ్బ తిన్న సంగతి ఒకటి చెప్పమనండి, అవి కూడా ఈ నాలుగు కుప్పల్లోనే పడతాయి.

2. చదివేవాళ్ళు ఎవరో పేరు పేరునా రాయండి

"టీమ్ అంతా" అని రాయొద్దు, అది ఎవరూ కాదన్నట్టే. డెవలపర్‌కి కావాల్సింది రూల్స్, అంచుల దగ్గర, అంటే మామూలుగా జరగని సందర్భాల్లో, ఏం జరగాలి అనేది. టెస్టర్‌కి కావాల్సింది పాస్ అయిందా ఫెయిల్ అయిందా తేల్చగలిగే వాక్యం. డిజైనర్‌కి యూజర్ ఆ క్షణంలో ఏ పరిస్థితిలో ఉన్నాడన్నది ముఖ్యం. సపోర్ట్ వాళ్ళకి మీ డెవలప్‌మెంట్ గొడవ అక్కర్లేదు, ఈ రోజు సిస్టమ్ ఏం చేస్తోంది, కస్టమర్‌కి ఏం చెప్పొచ్చు, అంతే. పైన కూర్చున్నవాళ్ళకి ఇది ఎందుకు చేస్తున్నాం, ఎప్పటికి వస్తుంది. ఇంకొకళ్ళున్నారు, వాళ్ళని అందరూ మర్చిపోతారు: ఆరు నెలల తర్వాత టీమ్‌లోకి వచ్చే కొత్త మనిషి. "ఇది ఇలా ఎందుకుంది" అని అడిగితే జవాబు చెప్పగలిగినవాళ్ళు అప్పటికి వెళ్ళిపోయి ఉండొచ్చు, అతనికి దిక్కు మీరు రాసి పెట్టిందే.

ఇక్కడే ఇంకో విషయం తేల్చుకోండి. మీది నియంత్రణలో ఉన్న రంగం అయితే ఎంచుకునే స్వేచ్ఛ చాలావరకు మీ చేతిలో ఉండదు. మెడికల్ డివైస్ సాఫ్ట్‌వేర్‌కి ఐఈసీ 62304 ఉంది, విమానాల్లో వాడే సాఫ్ట్‌వేర్‌కి డీఓ-178సీ ఉంది, కార్లలో ఎలక్ట్రానిక్స్‌కి ఐఎస్ఓ 26262 ఉంది. వీటిలో ప్రతి రిక్వైర్‌మెంట్‌కీ ఒక నంబర్ ఉండటం, అది ఏ కోడ్‌లోకి వెళ్ళింది, ఏ టెస్ట్ దాన్ని పరీక్షించింది అని గొలుసులా చూపించగలగడం తప్పదు. అలాంటి చోట స్టికీ నోట్ల మీద స్టోరీలు చాలవు. బయటి క్లయింట్‌కి కాంట్రాక్ట్ మీద చేస్తున్నా అంతే, రేపు మాట తేడా వస్తే రాసి సంతకం పెట్టిందే నిలబడుతుంది. ఇవేవీ లేని మామూలు ప్రాడక్ట్ టీమ్ అయితే మీకు చాలా వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకోండి.

3. ఒకే రిక్వైర్‌మెంట్‌ని అన్ని రకాలుగా రాసి పక్కపక్కన పెట్టండి

పద్ధతుల గురించి చదివి ఎంచుకుంటే ఏదీ తేలదు, చేత్తో రాసి చూస్తేనే తెలుస్తుంది. మీ దగ్గరున్న చిక్కు ఫీచర్ ఒకటి తీసుకుని కింద చెప్పిన ఒక్కో రూపంలో రాయండి, మొత్తం ఒక పూట పని. మన క్యాన్సిల్ ఉదాహరణతో చూద్దాం.

పాత పద్ధతి ఎస్‌ఆర్‌ఎస్, అంటే నంబర్లు వేసిన పెద్ద స్పెసిఫికేషన్. ఇది ఎలా రాయాలో చెప్పే ఐఈఈఈ 830 అనే స్టాండర్డ్ 1984లో మొదలైంది, ఆఖరి రూపం 1998ది, 2011లో దాని స్థానంలోకి 29148 అనే కొత్త స్టాండర్డ్ వచ్చింది, అది 2018లో మళ్ళీ సవరించారు. అయినా ఇప్పటికీ చేతులు మారుతూ తిరిగే టెంప్లేట్లు చాలా ఆ 830 అచ్చులోనే ఉంటాయి, కాబట్టి ఎవరైనా మీకు టెంప్లేట్ ఇస్తే అది ఎప్పటిదో ఒకసారి చూసుకోండి. అందులో మన లైన్ ఇలా ఉంటుంది:

ఆర్డర్-12: ఆర్డర్ స్టేటస్ "ప్యాక్ అయింది"కి మారేవరకు కస్టమర్ పంపిన క్యాన్సిల్ రిక్వెస్ట్‌ని సిస్టమ్ అంగీకరించాలి.

నంబర్ ఉంది, టెస్ట్ చెయ్యొచ్చు, వేరే చోటి నుంచి లింక్ ఇవ్వొచ్చు. కానీ ఇలాంటివి 200 లైన్లు వరుసగా చదివితే కస్టమర్ ప్రయాణం ఎలా ఉంటుందో బుర్రకెక్కదు.

యూజ్ కేస్ ఆ లోటు తీరుస్తుంది. 1980ల్లో ఐవర్ జాకబ్‌సన్ టెలిఫోన్ సిస్టమ్స్ మీద పనిచేస్తూ తెచ్చిన పద్ధతి ఇది. కస్టమర్ ఆర్డర్ తెరుస్తాడు, క్యాన్సిల్ నొక్కుతాడు, సిస్టమ్ కారణం అడుగుతుంది, రీఫండ్ ఎక్కడికి వెళ్తుందో చూపిస్తుంది, కస్టమర్ కన్ఫర్మ్ చేస్తాడు. ఇది మెయిన్ దారి. అసలు విలువంతా పక్క దారుల్లో ఉంటుంది: కన్ఫర్మ్ నొక్కేలోపే గోడౌన్‌లో ప్యాక్ అయిపోతే? రీఫండ్ పంపుతుంటే బ్యాంక్ వైపు నుంచి జవాబు రాకపోతే? మూడు వస్తువుల్లో ఒకటే వద్దంటే? మెయిన్ దారిలో ప్రతి స్టెప్ దగ్గరా ఆగి "ఇక్కడ ఏం తేడా రావొచ్చు" అని అడగడమే యూజ్ కేస్ రాయడం, ఆ అలవాటు ఒక్కటి పట్టుబడితే చాలు.

యూజర్ స్టోరీ అందరికీ తెలిసిందే. "కస్టమర్‌గా నేను పొరపాటున పెట్టిన ఆర్డర్‌ని క్యాన్సిల్ చేసుకోవాలి, ఎందుకంటే అక్కర్లేనిదానికి నా డబ్బు ఇరుక్కుపోకూడదు." ఈ మూడు ముక్కల వాక్యం 2001 ప్రాంతంలో కనెక్స్‌ట్రా అనే బ్రిటిష్ కంపెనీలో పుట్టింది. అదే ఏడాది రాన్ జెఫ్రీస్ స్టోరీకి మూడు భాగాలుంటాయని చెప్పాడు, కార్డు, దాని మీద సంభాషణ, సరిగ్గా అయిందని నిర్ధారణ. ఇప్పుడు చాలా టీముల్లో కార్డు ఒక్కటే మిగిలింది, మిగతా రెండూ గాలికి పోయాయి. మా క్యాన్సిల్ టికెట్‌లో జరిగింది అచ్చంగా ఇదే. స్టోరీ అంటే "దీని గురించి కూర్చుని మాట్లాడుకుందాం" అని ఒక మాట ఇవ్వడం, అది పూర్తి రిక్వైర్‌మెంట్ అనుకుంటే మొదటికే మోసం వస్తుంది.

ఉదాహరణలతో రాసే పద్ధతి నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. డాన్ నార్త్ 2000ల మొదట్లో బీడీడీ అని, అంటే సిస్టమ్ ఎలా ప్రవర్తించాలో ముందు ఉదాహరణలుగా రాసుకుని కట్టే పద్ధతి, తెచ్చాడు, దాని నుంచి వచ్చిన గెర్కిన్ అనే రాతని కుకుంబర్ లాంటి టూల్స్ నేరుగా టెస్టుగా నడపగలవు. చాలామందికి తెలియని సంగతి, గెర్కిన్‌కి తెలుగు కీవర్డ్స్ కూడా ఉన్నాయి:

సన్నివేశం: ప్యాక్ అయ్యాక క్యాన్సిల్ చెయ్యబోతే
చెప్పబడినది కస్టమర్ కార్డుతో డబ్బు కట్టాడు, ఆర్డర్ స్టేటస్ "ప్యాక్ అయింది"
ఈ పరిస్థితిలో కస్టమర్ క్యాన్సిల్ నొక్కితే
అప్పుడు ఆర్డర్ స్టేటస్ మారదు
మరియు డెలివరీ అయ్యాక రిటర్న్ పెట్టొచ్చని మెసేజ్ కనిపిస్తుంది

ఇది చదివి ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకోవడం కష్టం. అయితే అన్నిటికీ ఇలా రాయడం మొదలుపెడితే పేజీలు పేజీలు అయిపోతుంది, అసలు రూల్ ఏంటో ఉదాహరణల మధ్య కనపడకుండా పోతుంది, కాబట్టి తేడా వస్తే డబ్బు పోయేవి, డేటా పోయేవి, ఇంతకుముందు గొడవైనవి, వీటికే ఉంచండి.

ఇక డెసిషన్ టేబుల్, అంటే మామూలు పట్టిక. మా గొడవ అయిపోయాక మేం చేసింది ఇదే. నిలువుగా ఆర్డర్ స్టేటస్‌లు నాలుగు: కన్ఫర్మ్ అయింది, ప్యాక్ అయింది, బయల్దేరింది, డెలివరీ అయింది. అడ్డంగా డబ్బు కట్టే పద్ధతులు మూడు: కార్డు, వాలెట్, డెలివరీ అప్పుడు క్యాష్. మొత్తం 12 గళ్ళు. బోర్డు మీద గీసి ఒక్కో గడిలో క్యాన్సిల్ చెయ్యొచ్చా, డబ్బు ఎక్కడికి అని నింపుతూ వచ్చాం, ఏడు గళ్ళు గబగబా అయిపోయాయి, మిగతా ఐదింటి దగ్గర గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ఐదు ఖాళీ గళ్ళే మా మూడు వారాలు తిన్నాయి. ముందే గీసి ఉంటే అరగంటలో కనపడేవి. రెండు మూడు విషయాలు ఒకదాన్నొకటి మెలేసుకున్న రూల్ ఏదైనా సరే వాక్యాల్లో రాయొద్దు, పట్టిక గీయండి.

వాక్యాల్లోనే రాయాల్సి వస్తే ఈఏఆర్‌ఎస్ అని ఒక చిన్న పద్ధతి ఉంది, రోల్స్ రాయిస్‌లో అలిస్టర్ మావిన్, ఆయన తోటివాళ్ళు 2009లో బయటపెట్టారు, జెట్ ఇంజిన్ కంట్రోల్ రిక్వైర్‌మెంట్స్ రాస్తూ పుట్టింది. ఐదే రకాల వాక్యాలు. మన భాషలో ఇది చాలా సులువుగా కూర్చుంటుంది: ఎప్పుడూ ఉండేది మామూలు వాక్యం, ఏదైనా జరిగినప్పుడు అయితే "నొక్కగానే", ఒక స్థితిలో ఉన్నప్పుడు అయితే "పెండింగ్‌లో ఉన్నంతసేపూ", తేడా వచ్చినప్పుడు అయితే "ఒకవేళ జవాబు రాకపోతే", ఒక ఫీచర్ ఉన్నచోట మాత్రమే అయితే "వాలెట్ ఉన్న అకౌంట్లకి". "రీఫండ్ పెండింగ్‌లో ఉన్నంతసేపూ సిస్టమ్ ఆర్డర్ పేజీలో రీఫండ్ స్టేటస్ చూపించాలి." ఇంత సింపుల్. నేర్చుకోవడానికి ఒక్కరోజు చాలు.

ఒక జాగ్రత్త మాత్రం మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. మనం మాట్లాడేటప్పుడు కర్తని వదిలేస్తాం, "క్యాన్సిల్ చేస్తే మెయిల్ వెళ్ళాలి" అంటాం, అందరికీ అర్థమైనట్టే ఉంటుంది. ఎవరు క్యాన్సిల్ చేస్తే, కస్టమరా సపోర్ట్ ఏజెంటా? మెయిల్ ఎవరికి, కస్టమర్‌కా అమ్మేవాళ్ళకా ఇద్దరికీనా? వెంటనేనా, రీఫండ్ అయ్యాకా? ఏ భాషలో రాసినా సరే ప్రతి వాక్యంలో ఎవరు, ఎవరికి, ఎప్పుడు అనే మూడూ ఉన్నాయా అని వేలు పెట్టి చూసుకోండి. అలాగే "చెయ్యాలి", "చేస్తే మంచిది", "చెయ్యొచ్చు" అనే మూడింటినీ కలిపెయ్యొద్దు. ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ రాసేవాళ్ళు 1997లోనే ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ఒక చిన్న కాగితంలో ఈ మాటలకి అర్థాలు ఖాయం చేసుకున్నారు, మీ టీమ్ కూడా ఒక పేజీలో ఖాయం చేసుకుంటే తర్వాత "మంచిదన్నారు కదా అని వదిలేశాం" అనే మాట రాదు.

స్క్రీన్ బొమ్మలు, ప్రోటోటైప్‌లు కూడా రిక్వైర్‌మెంటే, చూడగానే అర్థమవుతాయి కూడా. కానీ బొమ్మలో ఎప్పుడూ అన్నీ సవ్యంగా జరిగిన స్క్రీనే ఉంటుంది, లిస్ట్ ఖాళీగా ఉంటే, పేరు మరీ పొడుగ్గా ఉంటే, నెట్ పోతే ఏంటన్నది ఉండదు, దాని వెనకున్న రూల్ అసలే ఉండదు. బొమ్మ పక్కన రూల్ పేజీ లింక్ పెట్టండి.

4. మార్పు చెప్పేది వేరు, ఇప్పుడున్న రూల్ చెప్పేది వేరు

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోండి అంటే నేను దీన్నే చెప్తాను. స్టోరీ గానీ టికెట్ గానీ చెప్పేది ఒక మార్పు. "ఇప్పుడు ఇలా ఉంది, దీన్ని అలా చెయ్యండి" అని. పని అయిపోయి టికెట్ క్లోజ్ అయ్యాక దాని ఆయుష్షు తీరిపోయింది. ఆ తర్వాత క్యాన్సిల్ రూల్ మీద ఇంకో ఎనిమిది టికెట్లు వస్తాయి, ఒకటి టైమ్ పెంచుతుంది, ఒకటి వాలెట్ కలుపుతుంది, ఒకటి మొదటిదాన్ని సగం తీసేస్తుంది. ఏడాది తర్వాత సపోర్ట్ మనిషి వచ్చి "ఇప్పుడు క్యాన్సిల్ రూల్ ఏంటి" అని అడిగితే తొమ్మిది టికెట్లు తారీఖుల వారీగా చదివి బుర్రలో కూడికలు తీసివేతలు చేసుకోవాలి. ఎవరూ చెయ్యరు, డెవలపర్‌ని అడుగుతారు, అతను కోడ్ తెరిచి చూసి చెప్తాడు. అప్పుడు కోడ్ ఏం చేస్తే అదే రిక్వైర్‌మెంట్ అయిపోతుంది, కోడ్‌లో తప్పు ఉంటే ఆ తప్పే రూల్ అయి కూర్చుంటుంది, ఇది తప్పు అని చెప్పడానికి ఆధారం ఎక్కడా ఉండదు.

అందుకే రెండు రకాల కాగితాలు పెట్టుకోండి. మార్పులకి టికెట్లు, వాటిని పూర్తయ్యాక తిరిగి చూసి బాగుచెయ్యక్కర్లేదు. ఇప్పుడున్న రూల్స్‌కి సబ్జెక్ట్ వారీగా ఒక్కో పేజీ: క్యాన్సిల్ రూల్స్, రీఫండ్ రూల్స్, లాగిన్ రూల్స్. ఈ పేజీ ఎప్పుడూ వర్తమానంలోనే మాట్లాడాలి, చరిత్ర ఉండకూడదు. టికెట్ పూర్తి అంటే కోడ్ వెళ్ళింది, టెస్ట్ పాస్ అయింది, రూల్ పేజీ మారింది, ఈ మూడూ అయితేనే పూర్తి అని టీమ్ ఒప్పుకోవాలి. మూడోది వదిలేస్తే రెండు నెలల్లో ఆ పేజీని ఎవరూ నమ్మరు, నమ్మకం పోయిన పేజీ ఉన్నా లేనట్టే.

ఇలా చెప్తే కొంతమంది "మేం అజైల్ కదా, డాక్యుమెంట్లు రాయం" అంటారు. అజైల్ అంటే చిన్న చిన్న విడతల్లో కడుతూ, చూపిస్తూ, మార్చుకుంటూ పోయే పద్ధతి. 2001లో దాని మేనిఫెస్టో రాసిన 17 మంది అన్నది భారీ డాక్యుమెంట్ల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువిస్తాం అని, కుడివైపు చెప్పినవాటికి, అంటే డాక్యుమెంట్ల లాంటివాటికి, కూడా విలువుందని అదే కాగితంలో వెంటనే రాశారు కూడా. అసలు రాయొద్దని ఎక్కడా లేదు.

5. మీ కలయిక ఖాయం చేసుకోండి

ఒకే పద్ధతి అన్నిటికీ సరిపోదు. ఐదారుగురు ఒకే చోట కూర్చుని పనిచేసే టీమ్ అయితే ఎందుకు చేస్తున్నామో చెప్పే ఒక పేజీ, టికెట్‌లో చిన్న స్టోరీ, దాని కింద మూడు నుంచి ఏడు అంగీకార షరతులు (ఇవి తీరితేనే పని అయినట్టు), చిక్కు రూల్ ఉంటే పట్టిక. ఇంతకంటే అక్కర్లేదు. మూడు నాలుగు టీములు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటే, వేరు వేరు టైమ్ జోన్లలో ఉంటే మాట్లాడుకుని తేల్చుకునే అవకాశం తగ్గుతుంది కాబట్టి రాత పెరగాలి, టీములు కలిసే చోట, అంటే ఒకళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంకొకళ్ళ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే ఏపీఐల దగ్గర మరీ గట్టిగా రాయాలి. కాంట్రాక్ట్, ఆడిట్ ఉన్నచోట నంబర్లు, ఈఏఆర్‌ఎస్ వాక్యాలు, టెస్టులకి లింకులు.

ఆ ఎందుకు పేజీలో ఏం ఉండాలంటే, సమస్య ఎవరిది, అది ఉందని మనకెలా తెలుసు, తీరిందని ఎలా తెలుస్తుంది, ఈసారి ఏం చెయ్యట్లేదు. ఈ చివరిది తప్పకుండా రాయండి. "ఒక ఆర్డర్‌లో కొన్ని వస్తువులే క్యాన్సిల్ చెయ్యడం ఈ రిలీజ్‌లో లేదు" అనే ఒక్క లైన్ ఉండుంటే మా టీమ్‌లో ఒక డెవలపర్ నాలుగు రోజులు దాని మీద కూర్చునేవాడు కాదు.

6. "ఫాస్ట్‌గా", "సెక్యూర్‌గా" అనే మాటలకి అంకెలు పెట్టండి

ఫీచర్ ఏం చెయ్యాలో అందరూ రాస్తారు, ఎంత బాగా చెయ్యాలో ఎవరూ రాయరు. "పేజీ త్వరగా లోడ్ అవ్వాలి" అంటే టెస్టర్ ఏం చెయ్యాలి? "500 మంది ఒకేసారి వాడుతున్నప్పుడు 100 రిక్వెస్టుల్లో 95 రెండు సెకన్లలోపు పూర్తవ్వాలి" అంటే కొలవొచ్చు. ఈ అంకెలు నా ఉదాహరణకి, మీవి మీ యూజర్లని చూసి పెట్టుకోండి. ఏమేం అడగాలో గుర్తురాకపోతే ఐఎస్ఓ 25010 అనే క్వాలిటీ మోడల్‌లోని హెడ్డింగులు చెక్‌లిస్ట్‌లా వాడుకోవచ్చు, వేగం, నమ్మకం, భద్రత, వాడటంలో సౌకర్యం, మార్చుకునే వీలు ఇలా. చూపు సరిగ్గా లేనివాళ్ళు, మౌస్ వాడలేనివాళ్ళు కూడా వాడగలగాలి అంటే, వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేలా చేసే నియమాలైన డబ్ల్యూకాగ్ 2.2లో డబుల్ ఏ స్థాయి అని రాస్తే టెస్ట్ చెయ్యడానికి వీలుగా ఉంటుంది. ఇవి టికెట్ టికెట్‌కీ రాయక్కర్లేదు, ప్రాడక్ట్ మొత్తానికి ఒక పేజీ చాలు.

7. ఇప్పుడు టూల్

ఇక్కడికొచ్చేసరికి టూల్ ప్రశ్న దాదాపు తనే తేలిపోతుంది. రూల్ పేజీలు ఎక్కువగా డెవలపర్లే మారుస్తారు అంటే కోడ్ దాచి మార్పులు గుర్తుపెట్టే గిట్ రిపోజిటరీలోనే మార్క్‌డౌన్ ఫైళ్ళుగా, అంటే మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా పెట్టండి, కోడ్ మార్పూ రూల్ మార్పూ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో, అంటే తోటివాళ్ళు చూసి ఒప్పుకునే ఒకే మార్పుల కట్టలో వెళ్తాయి, పాతబడే అవకాశం బాగా తగ్గుతుంది. సపోర్ట్, ఫైనాన్స్ వాళ్ళు కూడా ఎడిట్ చెయ్యాలంటే గిట్ వాళ్ళకి ఇబ్బంది, ఎవరైనా బ్రౌజర్‌లోనే మార్చగలిగే వికీ పేజీలు మేలు. ఏదైనా సరే ఒక విషయం ఒక్కచోటే ఉండాలి, మిగతా చోట్ల లింక్ ఉండాలి, కాపీ పేస్ట్ వద్దు. చాట్‌లో తేలిన నిర్ణయాన్ని అదే రోజు పేజీలోకి ఎక్కించండి, వారం తర్వాత ఆ మెసేజ్ వెతికి పట్టుకోవడం బ్రహ్మతరం కాదు.

నిర్ణయాలకి వేరే చిన్న ఫైల్ పెట్టుకోవడం మంచి అలవాటు. మైకేల్ నైగార్డ్ 2011లో ఆర్కిటెక్చర్ నిర్ణయాల కోసం ఒక చిన్న నమూనా చెప్పాడు: అప్పటి పరిస్థితి, తీసుకున్న నిర్ణయం, దాని పర్యవసానాలు. రిక్వైర్‌మెంట్స్‌కీ అదే వాడొచ్చు, నేను దానికి ఇంకోటి కలుపుతాను, ఏమేం వద్దనుకున్నాం, ఎందుకు వద్దనుకున్నాం. లేకపోతే ప్రతి ఆరు నెలలకీ ఎవరో ఒకరు అదే ఐడియాతో వస్తారు, మళ్ళీ అదే మీటింగ్.

8. రాసింది అర్థమైందా, కట్టింది దానికి సరిపోయిందా చూడండి

రాసేస్తే అయిపోలేదు. 1999 సెప్టెంబర్‌లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ని పోగొట్టుకుంది. ఇంజిన్ తోపు లెక్కలు న్యూటన్ సెకన్లలో ఇవ్వాలని ఇంటర్‌ఫేస్ స్పెసిఫికేషన్‌లో రాసే ఉంది. భూమ్మీద నడిచే ఒక సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ లెక్కల్ని పౌండ్ సెకన్లలో రాసింది, అంటే 4.45 రెట్లు తేడా. రిక్వైర్‌మెంట్ లేకపోవడం కాదు అక్కడ సమస్య, ఉన్నదానికి సాఫ్ట్‌వేర్ సరిపోయిందో లేదో చివరిదాకా ఎవరూ పట్టుకోలేకపోయారు.

కాబట్టి రెండు పనులు చెయ్యండి. పని మొదలయ్యే ముందు రాసినవాళ్ళు మాట్లాడకుండా కూర్చోవాలి, డెవలపర్, టెస్టర్ ఆ పేజీ చదివి తమకు ఏం అర్థమైందో తమ మాటల్లో తిరిగి చెప్పాలి. "అర్థమైందా" అని అడిగితే అందరూ తలూపుతారు, తిరిగి చెప్పమంటేనే తేడాలు బయటికొస్తాయి, పదిహేను నిమిషాలు చాలు. రెండోది, ప్రతి రూల్ పక్కన దాన్ని పరీక్షించే టెస్ట్ పేరు రాయండి. పేరు లేని రూల్స్ ఎన్నో చూడగానే కనపడిపోతాయి.

9. ఒక్క ఫీచర్ మీద మొదలుపెట్టండి

మొత్తం పాత డాక్యుమెంట్లన్నీ కొత్త పద్ధతిలోకి మార్చే పని పెట్టుకోవద్దు, సగంలో ఆగిపోతుంది, అప్పుడు సగం పాతది సగం కొత్తది అయి రెండింటి మీదా నమ్మకం పోతుంది. రాబోయే ఫీచర్లలో కాస్త చిక్కుగా ఉన్నది ఒకటి తీసుకుని రెండు స్ప్రింట్లు, అంటే టీమ్ పని పెట్టుకునే కొన్ని వారాల విడతలు రెండు, ఈ పద్ధతిలో చెయ్యండి. పాత విషయాలు మాత్రం వాటి జోలికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, ఆ ముక్క వరకే రూల్ పేజీలోకి రాయండి.

రెండు స్ప్రింట్లు అయ్యాక మొదట్లో కూర్చున్న ఆ ముగ్గురూ మళ్ళీ కూర్చుని అదే నాలుగు కుప్పలు మళ్ళీ వెయ్యండి. ఏ కుప్ప తగ్గింది, ఏది తగ్గలేదు చూడండి. ఎవరూ చూడని పేజీలు, ఎవరూ నింపని హెడ్డింగులు తీసెయ్యండి, ఎవరికీ బాధ కలగదు. డెవలపర్లు చాట్‌లో మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలు ఏంటో చూసి వాటికి జవాబు పేజీలో చేర్చండి. మేం ఇలా చేసినప్పుడు క్యాన్సిల్ రూల్ పేజీలో చివరికి మిగిలింది ఆ 12 గళ్ళ పట్టిక, దాని కింద ఆరు ఉదాహరణలు, అంతే, సపోర్ట్ టీమ్ ఆ పట్టికని ప్రింట్ తీసి తమ డెస్క్‌ల దగ్గర అంటించుకుంది.